మనలో మాట: పక్క నంబరు పలికిందా?

మన పత్రిక చేతికి రాగానే చాలామంది ముందుగా తిరగవేసేది చివరి పుటలనే. పదవీ విరమణ చేసినవారి ఛాయాచిత్రాలు ఉండేది అక్కడే. మనతోపాటు శిక్షణలో చేరినవారు, ఒకే షిఫ్టులో పనిచేసినవారు, ఎప్పుడో బదిలీపై వెళ్ళిపోయి మళ్ళీ కనిపించనివారు ఆ పుటలో తారసపడతారు. "అరె, ఈయన అప్పుడే రిటైరయ్యారా!" అని ఆశ్చర్యపడతాము. ఒకసారి ఫోన్ చేయాలి అనుకుంటాము. టీ చల్లారేలోగా ఆ సంకల్పమూ చల్లారిపోతుంది.

ఈ నెల ఆ సంకల్పం గురించే నాలుగు మాటలు చెప్పుకుందాము. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచి హితవులు చెప్పడం న్యాయం కాదు గనుక ముందు దానినే చెబుతాము.

మేము ఇంజనీరింగు చదివి బయటికి వచ్చినది 1988లో. మా మెకానికల్ తరగతిలో నలభై ఆరుగురము. అందులో ఇద్దరు ఆడపిల్లలు. మా హాజరు సంఖ్య 24. మా ముందరి 23వ నంబరు మిత్రుడు గోదావరి జిల్లా పల్లెటూరి నుంచి వచ్చినవాడు. ప్రయోగశాలలో జట్టు కట్టించేటప్పుడు నంబర్ల వరుసనే కట్టించేవారు గనుక నాలుగేళ్ళూ ఆయనా మేమూ ఒకే బల్ల దగ్గర నిలబడ్డాము. గ్రాఫు గీయడం ఆయన వంతు, లెక్క కట్టడం మా వంతు. ఉదయం ఎనిమిది గంటల క్లాసుకు ఆయన లేచిన రోజులు తక్కువ. పేరు పిలిచినప్పుడు గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అనేవాళ్ళము. వెంటనే మా పేరు వచ్చేది. మళ్ళీ సొంత గొంతుతో పలకవలసి వచ్చేది. ఆ రెండు గొంతుల తేడా మా మాస్టారికి తెలియకపోలేదు. ఆయన తల ఎత్తకుండా నవ్వుకునేవారు, అంతే.

చివరి పరీక్ష రాసిన నాడు అందరమూ ఆటోగ్రాఫు పుస్తకాలు మార్చుకున్నాము. పేరు, ఊరు, ఇంటి నంబరు, ఆరంకెల పిన్ కోడు. ఆ పిన్ కోడు పద్ధతి దేశంలో 1972 ఆగస్టు 15న మొదలయింది. అది వేస్తే ఉత్తరం ఎక్కడికైనా చేరుతుందన్న ధీమా మా తరానిది. తొలి రెండు మూడేళ్ళు ఇన్‌లాండ్ ఉత్తరాలు బాగానే తిరిగాయి. మడత పెట్టే చోట కూడా ఖాళీ వదలకుండా రాసేవాళ్ళము. తరువాత ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, బదిలీలు. ఇల్లు మారినప్పుడల్లా నలభై ఐదు మందికి కొత్త చిరునామా రాసే ఓపిక ఎవరికి ఉంటుంది? ఎస్‌.టి.డి. బూతుల కాలంలో రాత్రి పొద్దుపోయి ఛార్జీలు తగ్గేదాకా ఆగి, ఎదురుగా ఎర్ర అంకెలు పరుగెడుతుంటే నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసేవాళ్ళము. 1995 జూలై 31న మన దేశంలో తొలి మొబైల్ ఫోన్ సంభాషణ జరిగింది. అది సామాన్యుని జేబులోకి రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఈ నడుమ మా తరగతి నాలుగు దిక్కులకూ చెదరిపోయింది.

మళ్ళీ కలిసినది 2013లో, పాతికేళ్ళ పండుగకు. అదే ఏడాది జూలైలో మన తంతి (టెలిగ్రాం) సేవ శాశ్వతంగా మూతపడింది. కబురు అందించే పాత సాధనం ఒకటి పోయిన ఏడాదే పాత మిత్రులము ఒకచోట చేరాము. ముప్పై ముగ్గురు వచ్చారు. 23వ నంబరు కూడా వచ్చాడు. మహారాష్ట్రలో ఒక పారిశ్రామిక పట్టణంలో ప్రైవేటు కర్మాగారంలో పనిచేస్తున్నానన్నాడు. హాజరు పట్టీ చదివితే, తన పేరు వచ్చినప్పుడు తాను ఊరుకుని మా వంక చూశాడు. మేము గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అన్నాము. హాలంతా నవ్వులు. ఆ మరుసటి సంవత్సరం ఎవరో వాట్సాప్ బృందం ఒకటి ఏర్పాటు చేశారు. ఇక మనకు ఎడబాటు అన్నది లేదు అనుకున్నాము.

ఆ బృందంలో ఏమేమి వచ్చేవో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పొద్దున్నే సూర్యోదయం బొమ్మలు. పండుగ శుభాకాంక్షలు. ఒకరికి జనరల్ మేనేజరుగా పదోన్నతి. ఒకరి అమ్మాయికి అమెరికాలో సీటు. ఒకరి కొత్త ఇంటి గృహప్రవేశం. ప్రతి వార్తకూ ముప్పై అభినందనలు. 23వ నంబరు తొలి రోజులలో అందరికీ జవాబు ఇచ్చేవాడు. 2017 తరువాత తగ్గించాడు. ఆ పైన పూర్తిగా మౌనం వహించాడు. బృందంలో పేరు ఉన్నది, ఫోటో ఉన్నది. అందువలన మనిషి ఉన్నట్టే మాకు తోచింది.

2020 జనవరిలో సంస్థ పనిమీద, ఒక పరికరం తనిఖీ కోసం, మేము ఆ పట్టణానికే వెళ్ళాము. రెండు రోజులు ఉన్నాము. మొదటి రోజు అలసిపోయాము. రెండవ రోజు తిరుగు రైలు తొందర. "మళ్ళీ వస్తాము కదా, అప్పుడు తీరికగా కలుద్దాము" అనుకుని ఫోన్ తీసి కూడా జేబులో పెట్టేశాము. రెండు నెలలకు దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. మళ్ళీ వెళ్ళే సందర్భం రాలేదు.

2021 జూలై 1. ఆనాటి బడి పంతుళ్ళు చాలామంది పిల్లలకు తోచిన పుట్టినతేదీ వేసేవారు. 23వ నంబరుకు పడినది జూలై 1. బృందంలో ఎవరో గుర్తుచేశారు. కేకు బొమ్మలు, పూలగుత్తులు, "నూరేళ్ళు వర్ధిల్లు" అనే దీవెనలు సాయంత్రం దాకా వచ్చాయి. మాదీ ఒకటి ఉన్నది. మూడు రోజుల తరువాత ఆయన నంబరు నుంచే జవాబు వచ్చింది:

"ఆయన మే నెలలో కరోనాతో పోయారు. ఎవరికి చెప్పాలో తెలియలేదు. మీరందరూ పంపినవి చదివాను. నమస్కారాలు."

లోకంలో లేని మనిషికి మేము ఇరవై తొమ్మిది మందిమి దీర్ఘాయువు కోరాము. ఆ మాటల తరువాత బృందంలో రెండు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు.

మూడవ నాడు మేము ఆమెకు ఫోన్ చేశాము. ఏమని మొదలుపెట్టాలో తోచక తడబడుతుంటే ఆమే, "చెప్పండి అన్నయ్యగారూ, మీరు ఇరవై నాలుగు కదూ" అన్నది. మా నంబరు ఆమెకు తెలుసు. ఆయన పనిచేసిన కర్మాగారం 2016లో మూతపడిందట. వేరేచోట సగం జీతానికి చేరాడట. "మీ గ్రూపులో వచ్చినవన్నీ రాత్రి పూట చదివేవారు. ఎవరికి ప్రమోషన్ వచ్చిందో, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో నాకు చెప్పేవారు. ఏదో రాయబోయేవారు, మళ్ళీ చెరిపేసేవారు" అన్నది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

అన్నేళ్ళలో మేము ఆయనకు ఎన్ని కబుర్లు పంపామో లెక్క లేదు. అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటీ లేదు.

సహాధ్యాయులు చాలాకాలానికి కలుసుకోవడం గురించి మన పురాణేతిహాసాలలో రెండు కథలు ఉన్నాయి. ఒకటి మహాభారతంలోది. ద్రోణుడు, ద్రుపదుడు చిన్ననాడు కలిసి చదువుకున్నారు. ద్రుపదుడు పాంచాల రాజయ్యాడు. లేమిలో ఉన్న ద్రోణుడు స్నేహాన్ని గుర్తుచేస్తూ సభకు వెళితే, రాజుకూ పేదకూ స్నేహమేమిటని ద్రుపదుడు తూలనాడాడు. ఆ పగ పెరిగి పెరిగి కురుక్షేత్రం దాకా వెళ్ళింది. రెండవది భాగవతంలోది. సాందీపని దగ్గర కృష్ణునితో చదివిన కుచేలుడు, భార్య ప్రోద్బలంతో గుప్పెడు అటుకులు మూటకట్టుకుని ద్వారకకు వెళ్ళాడు. నోరు తెరిచి ఏమీ అడగలేకపోయాడు. కృష్ణుడు తన వైభవం చెప్పుకోలేదు. ఎదురేగి కౌగలించుకుని, కాళ్ళు కడిగి, క్షేమం అడిగాడు. గురుపత్ని పంపగా కట్టెల కోసం అడవికి వెళ్ళి గాలివానలో చిక్కుకున్న రాత్రిని గుర్తుచేశాడు. ఆ తరువాతనే, నాకేమి తెచ్చావని అటుకుల మూట సంగతి ఎత్తాడు.

ఈ రెండు కథలకూ తేడా తెచ్చినది ధనం కాదు. రోజులు బాగున్నవాడు ముందు అడుగు వేశాడా లేదా అన్నదే. చితికినవాడు తనంతట తాను వచ్చి చెప్పుకోవాలని ఎదురుచూడడం ధర్మం కాదు. వానికి అభిమానం అడ్డు వస్తుంది. ఆ అడ్డు దాటవలసినది పిలిచేవాడే. మేము ద్రుపదునిలా ఎవరినీ తూలనాడలేదు, నిజమే. కాని ఫోన్ జేబులో పెట్టుకుని రైలెక్కినవాడు కృష్ణుడూ కాడు.

ఆ నెలలోనే మా తరగతివాళ్ళము కూడబలుక్కుని ఒక పద్ధతి పెట్టుకున్నాము. పాత హాజరు పట్టీ తీశాము. 2021 ఆగస్టు మొదటి ఆదివారం నుంచి, నెలనెలా మొదటి ఆదివారం నాడు ప్రతి ఒక్కరూ తన తరువాతి నంబరుకు ఫోన్ చేయాలి. ఒకటి రెండుకు, రెండు మూడుకు, చివరివారు మళ్ళీ ఒకటికి. సందేశం పంపితే చెల్లదు. గొంతు వినాలి. మూడు ప్రశ్నలు తప్పక అడగాలి: ఒంట్లో ఎలా ఉన్నది? ఇంట్లో ఎవరెవరు ఉన్నారు? పొద్దు ఎలా గడుస్తున్నది? తరువాత బృందంలో నంబరు వేసి "పలికారు" అని ఒక్క మాట రాయాలి. విన్న సంగతులు అక్కడ రాయకూడదు. వరుసగా రెండు నెలలు పలకకపోతే దగ్గరి ఊళ్ళో ఉన్నవారు స్వయంగా వెళ్ళి రావాలి.

అన్ని నెలలూ సవ్యంగా నడిచిందని చెప్పము. కొన్నిసార్లు సగం మందికే కుదిరింది. ఒకరు తమకు ఇది ఇష్టం లేదన్నారు. వారి మాట మన్నించాము. కాని నాలుగేళ్ళకు పైగా సాగిన ఈ గొలుసులో అంతకు ముందు ఏడేళ్ళ సందేశాలలో తెలియని సంగతులు తెలిశాయి. భార్య పోయినప్పటి నుంచి గడప దాటని ఒక మిత్రుడు మొదటి రెండు నెలలూ "బాగానే ఉన్నాను" అన్నాడు. మూడవ నెలలో, "రోజుకు ఒకపూటే వండుకుంటున్నాను" అని బయటపడ్డాడు. ఆ ఊళ్ళోనే ఉన్న మరొక మిత్రుడు ఇప్పుడు రోజూ ఆయనను వెంటబెట్టుకుని ఉదయపు నడకకు వెళుతున్నాడు.

మా ఆడపిల్లల్లో ఒకరి జాడ 1990 నుంచి తెలియదు. పెళ్ళితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. మగవాళ్ళము పాత పేర్లతోనే దొరికిపోతాము. ఆడవారిని వెదకడం అంత సులువు కాదు. చివరకు ఆటోగ్రాఫు పుస్తకంలో ఆమె రాసిన పుట్టింటి చిరునామాకు, ఆ పిన్ కోడుతోనే, కవరు మీద ఆమె తండ్రిగారి పేరు వేసి ఉత్తరం పంపాము. ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె అన్నగారి అబ్బాయి ఉంటున్నాడు. పది రోజులకు అతని దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది, ఆ మరునాడు ఆమె దగ్గరి నుంచి. ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిందట. "నన్ను ఎవరు వెదుకుతారులే అనుకున్నాను" అన్నది. ఇప్పుడు ఆమె పిలుపు ఒక్క నెల కూడా తప్పదు.

23వ నంబరు ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఇది మన పాఠకుల కుటుంబాలకు పనికివచ్చే విషయం. ఆయన సర్వీసులో ఉండగానే పోయాడు. భవిష్యనిధి డబ్బు వస్తుందని ఆయన భార్యకు తెలుసు. అందులో సభ్యుడైన ఉద్యోగి సర్వీసులో మరణిస్తే, 1976 నాటి ఉద్యోగుల డిపాజిట్ అనుబంధ బీమా పథకం కింద కుటుంబానికి బీమా మొత్తం రావచ్చునని తెలియదు. ఆ పథకంలో గరిష్ఠ పరిమితిని 2021లో 7 లక్షల రూపాయలకు పెంచారు. 1995 నాటి పింఛను పథకం కింద వితంతు పింఛను సంగతీ తెలియదు. మా తరగతిలో ఒకరికి ఈ లెక్కలలో అనుభవం ఉన్నది. భవిష్యనిధికి ఫారం 20, పింఛనుకు 10-డి, బీమాకు 5-ఐఎఫ్. మూడూ నింపించి, వెంట ఉండి దాఖలు చేయించారు. నామినేషను లేకపోవడం వలన కొన్ని నెలలు ఆలస్యమయింది గాని, చివరకు మూడూ వచ్చాయి. ఉపకారం చేశామని చెప్పుకోవడానికి కాదు ఇది. ఆయన ఉండగా చేయవలసిన ఫోన్‌కు అది బదులు కాదు. మీ నామినేషను పత్రం ఎప్పటిదో ఒకసారి చూసుకోండి. ఇంట్లోవారికి ఆ కాగితాలు ఎక్కడ ఉన్నాయో చెప్పండి. మీ స్నేహితులు ఇద్దరి ఫోన్ నంబర్లు వాటితోపాటు రాసి పెట్టండి. "ఎవరికి చెప్పాలో తెలియలేదు" అనే మాట మరొక ఇంట్లో వినిపించకూడదు.

ఒకే కాలేజీ విద్యార్థులను జీవితాంతం పలకరిస్తూ వచ్చిన అధ్యయనం ఒకటి అమెరికాలో ఉన్నది. హార్వర్డులో 1938లో మొదలుపెట్టి 268 మంది విద్యార్థులను అందులోకి తీసుకున్నారు. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెన్నెడీ వారిలో ఒకరు. బోస్టన్ పేదవాడల బాలురు 456 మందిపై విడిగా సాగిన పరిశీలన కూడా తరువాత దీనితో కలిసింది. ఏళ్ళ తరబడి ప్రశ్నపత్రాలు పంపి, ఇళ్ళకు వెళ్ళి మాట్లాడి, వైద్య పరీక్షల వివరాలు సేకరించారు. వృద్ధాప్యంలో ఆరోగ్యానికీ సంతోషానికీ ఆసరాగా నిలిచేవాటిలో ఆత్మీయ సంబంధాలది చాలా ముఖ్యమైన స్థానమని ఆ పరిశోధకులు చెబుతున్నారు. ఆత్మీయత అంటే పరిచయస్థుల సంఖ్య కాదని, కష్టంలో నమ్ముకోదగిన మనిషి ఉండడమని కూడా వారు అంటారు. మా బృందంలో నలభై మంది ఉండీ 23వ నంబరు ఒంటరిగా ఎందుకు మిగిలాడో ఆ మాటలో మాకు బోధపడింది.

మన సంస్థలో మనకు ఇటువంటి జాబితాలు ఎన్నో ఉన్నాయి. కళాశాల తరగతి ఒకటి. ఉద్యోగంలో చేరినప్పటి శిక్షణ బ్యాచి ఒకటి. హాస్టలులో గది పంచుకున్నవారు, టౌన్‌షిప్‌లో గోడ అవతలివారు, పిల్లల్ని ఒకే రిక్షాలో బడికి పంపినవారు. బదిలీ అయిన నాడు స్టేషనుకు వచ్చి, రైలు కదిలేదాకా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడినవారు. ఆ పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఎవరి దగ్గరి నుంచి తరచుగా వార్తలు వస్తున్నాయో వారిని పక్కన పెట్టండి. వారు క్షేమమే. ఎవరు కొంతకాలంగా పలకడం లేదో వారి పేరు కింద గీత గీయండి. ఆ ఫోన్ ఈ రోజే చేయండి. ఏమి మాట్లాడాలన్న బెంగ వద్దు. కుచేలుని కథలో గాలివాన ఉన్నట్టు ప్రతి స్నేహంలోనూ కలిసి తడిసిన రాత్రి ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మాకూ పదవీ విరమణ దగ్గరపడింది. మా ఛాయాచిత్రం కూడా ఆ చివరి పుటకు చేరుతుంది. మొదటి ఆదివారం నాడు మాకు ఇప్పుడు 22వ నంబరు ఫోన్ చేస్తున్నాడు. నడుమ ఒక నంబరు ఖాళీ. పేరు మాత్రం పట్టీలోంచి తీసివేయలేదు. ఆ పేరు మీద నెలకొకసారి ఆయన ఇంటికి ఫోన్ చేసే వంతు మాదే. మొన్నటి ఆదివారం అబ్బాయి ఎత్తి, "అమ్మ గుడికి వెళ్ళింది మామయ్యా, అందరం బాగున్నాం" అన్నాడు. బృందంలో మేము రాశాము: "23 — ఇంట్లో పలికారు."

కాలేజీలో ఆయన బదులు మేము పలికితే చెల్లింది. ఈ హాజరులో ఒకరి బదులు మరొకరు పలకడం కుదరదు. పిలవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాము. ఈలోగా మీ పక్క నంబరు పలికిందో లేదో మాకు ఒక ముక్క రాయండి.